అంకెలు చూపిన నిధి

నిధి అను మాట వినగానే బాలురకును వృద్ధులకును ఒకే విధమైన ఉత్సాహము కలుగును. పాడుబడిన కోటగోడ క్రింద బంగారు నాణెముల బిందె కలదనియు, దానినొక పాము కాచుచున్నదనియు చెప్పు కథలు మన పల్లెలలో ప్రతి రచ్చబండ కడను వినవచ్చును. ఆ కథలను నమ్మి, అర్ధరాత్రమున పలుగులు పారలు పట్టుకొని పోయి, పాత గుడిలోని నందిని పగులగొట్టినవారును కలరు. వారికి దొరకినది మన్ను; ఊరు పోగొట్టుకొన్నది ఒక చక్కని శిల్పము.

నేడు లోకమున మఱియొక విధమైన నిధివేట వ్యాపించియున్నది. అందు పలుగుతో పనిలేదు, త్రవ్వుట నిషేధము. దొరకిన పెట్టెను ఇంటికి తీసికొని పోరాదు. దానిని మరల ఉన్నచోటనే ఉంచి రావలెను. దీనిని జియోకాచింగు అందురు. ‘జియో’ అనగా భూమి. ‘కాచ్’ అనగా దాచియుంచిన వస్తువు. దారి చూపునవి రెండే రెండు అంకెలు. అవి ఆ స్థలము యొక్క అక్షాంశ, రేఖాంశములు.

ఈ వినోదమునకు పూర్వరూపము ఇంగ్లండులో పుట్టినది. ఆ దేశపు నైరుతి భాగమున డార్టుమూరు అను విశాలమైన బీడు కలదు. అచటి దుర్గమమైన ఒక బురదనేల వద్ద 1854లో జేమ్సు పెర్రటు అను దారిచూపరి ఒక సీసానుంచెను. అంత కష్టపడి వచ్చినవారు తాము వచ్చినందులకు గుర్తుగా తమ పేరు వ్రాసిన చీటిని అందు వేసి పోవుచుండిరి. క్రమముగా అట్టి పెట్టెలు ఆ బీటియందు అనేకములు వెలసెను. వానిని వెదకుటకు దిక్సూచియు, దేశపటమును, కాళ్లలో సత్తువయు కావలసియుండెను.

తరువాత ఉపగ్రహముల కాలము వచ్చెను. అమెరికా దేశమువారు జి.పి.యస్. అను స్థాననిర్ణయ పద్ధతిని ఏర్పరచిరి. భూమికి సుమారు 20,200 కిలోమీటరుల ఎత్తున కనీసము 24 ఉపగ్రహములు తిరుగుచుండును. ఒక్కొక్క దానియందు అతి సూక్ష్మమైన గడియారము కలదు. ప్రతి ఉపగ్రహమును తాను ఎచ్చటనున్నదియు, తన గడియారములో ఎంత వేళయైనదియు ఎడతెగక చాటుచుండును. ఆ వార్త కాంతివేగముతో, అనగా సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటరుల వేగముతో మన చేతిలోని యంత్రమును చేరును. వార్త వచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహమెంత దూరముననున్నదో యంత్రము లెక్కకట్టును. కనీసము నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మనమున్న చోటు తేలును. గడియారములో సెకండునందు పదిలక్షలవ వంతు తప్పు వచ్చినను లెక్కలో 300 మీటరుల తేడా వచ్చును. కావుననే అంతటి నిక్కమైన గడియారములు అవసరమైనవి.

మొదట అమెరికా ప్రభుత్వము సామాన్యజనులకు అందు సంకేతములను బుద్ధిపూర్వకముగా కొంత చెరచి ఇచ్చుచుండెను. 2000వ సంవత్సరము మే నెల ఆరంభమున ఆ అడ్డును తొలగించిరి. వెంటనే మే 3వ తేదీన డేవు అల్మరు అను కంప్యూటరు నిపుణుడు ఆరిగన్ రాష్ట్రములోని ఒక అడవిలో ఒక బక్కెట్టునుంచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. అందొక పుస్తకమును, కొన్ని చిల్లర వస్తువులును, పేర్లు వ్రాయుటకొక చిట్టాయు ఉండెను. కొలది దినములలోనే ఇతరులు దానిని కనుగొనిరి. నేటి వేట ఆనాడు మొదలైనది.

ఈ వేట ఇంగ్లండులో వింత దారి పట్టినది. అచటి పల్లెలలో ఎనిమిది, తొమ్మిది వందల యేండ్ల నాటి చర్చిలు పెక్కు కలవు. ఊరి నడుమ రాతి గోపురము, దాని చుట్టును సమాధులు, ఒక మూలను వందల యేండ్ల యూ చెట్టు, ఇది ఆ పల్లె చర్చి రూపము. ఆటగాండ్రు ఇట్టి చర్చిల సమీపమున పెట్టెలనుంచి, వాని అంకెలను నేరుగా చెప్పక చిక్కుప్రశ్నగా ఇత్తురు. ‘వాకిటి కుడిప్రక్క ఫలకము మీద చెక్కిన సంవత్సరమును చూడుము, అందలి మూడవ అంకె నీకు కావలసిన మొదటి అంకె’ అనునట్లుగా ఆ ప్రశ్నలుండును. అంకె కొఱకు వచ్చినవాడు ఫలకమును చదువక తప్పదు. చదివినచో ఆ ఊరివారి పేర్లు, వారి యుద్ధములు, వారి వ్యాధులు కన్నులకు కట్టును. ద్వారపు వంపు గుండ్రముగానున్నదా, కొన తేలియున్నదా అని పరికించినచో కట్టడపు వయస్సును ఊహింప నేర్చును. గుండ్రని వంపు ప్రాచీనము. కొనతేలిన వంపు 12వ శతాబ్ది చివరనుండి ఆ దేశమున ప్రబలినది. పెట్టె కొఱకు వచ్చినవాడు చర్చిని చూచి పోవును. పెట్టె ఒక నెపము మాత్రమే.

మన కృష్ణా డెల్టాలో అట్టి మధ్యయుగపు చర్చిలు లేవు. ఐరోపావారు ఇచట స్థిరపడినది 17వ శతాబ్దిలో. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను బందరునకు వర్తకమునకై వచ్చిరి. బందరులోని డచ్చివారి సమాధులపై చెక్కిన కులచిహ్నములును, తేదీలును నేటికిని చదువవచ్చును. అంతకంటె ప్రాచీనమైనవి చూడగోరువారు మన పల్లెల గుడులను, బౌద్ధస్తూపములను వెదకవలెను. ఇంగ్లండు పల్లెకు చర్చి యెట్టిదో మన పల్లెకు ఇవి యట్టివి. అట్టివానిలో అంకెలతోడి సంబంధము అన్నిటికంటె పాతదైనది ఘంటసాల.

విజయవాడలోని ఒక పాఠశాల విద్యార్థులు ఘంటసాలకు బయలుదేరుచున్నారనుకొందము. బస్సు ఎక్కుటకు ముందు వారొక లెక్క చేయవచ్చును. విజయవాడ సుమారు 16 డిగ్రీల 31 నిమిషముల ఉత్తర అక్షాంశము, 80 డిగ్రీల 37 నిమిషముల తూర్పు రేఖాంశము మీదనున్నది. ఘంటసాల సుమారు 16 డిగ్రీల 10 నిమిషముల అక్షాంశము, 80 డిగ్రీల 57 నిమిషముల రేఖాంశము మీదనున్నది. అనగా ఘంటసాల 21 నిమిషములు దక్షిణమునకును, 20 నిమిషములు తూర్పునకును కలదు. అక్షాంశమున ఒక నిమిషము సుమారు 1.85 కిలోమీటరులు. రేఖాంశములు ధ్రువముల వైపు పోవుకొలది దగ్గరగును గనుక మన ప్రాంతమున వాని నడుమ ఒక నిమిషము సుమారు 1.78 కిలోమీటరులు మాత్రమే. కావున దక్షిణమునకు 39 కిలోమీటరులు, తూర్పునకు 36 కిలోమీటరులు. లంబకోణ త్రిభుజపు సూత్రము ననుసరించి కర్ణము సుమారు 53 కిలోమీటరులగును. ఇది కాకి యెగిరిన దూరము. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా పోవు బాట ఇంతకంటె ఎక్కువ.

ఆ బాటకిరువైపుల వరిచేలు, చెఱకు తోటలు, కాలువ గట్లు, కొబ్బరిచెట్లు కనబడును. ఘంటసాల చేరినవారికి జలధీశ్వరస్వామి దేవాలయము దర్శనమిచ్చును. శివుడును పార్వతియు ఒకే పీఠముపై నుండుట ఆ గుడి విశేషము. జలధి యనగా సముద్రము. సముద్రము కానరాని ఊరిలో దేవునికి ఆ పేరెట్లు వచ్చెనని ఆలోచనాపరుడైన బాలుడు ప్రశ్నించును. దానికి సమాధానము ఊరిలోని మఱియొక చోట, ఇటుకల దిబ్బయందు కలదు.

ఆ దిబ్బ ఒక మహాచైత్యము యొక్క అవశేషము. దాని పునాదులను పరికించినచో లోపలి ఇటుక గోడలు బండిచక్రపు ఆకులవలె అమర్చబడియుండుట తెలియును. నడుమ మన్ను నింపి, పైన అండాకారమున కట్టి, చుట్టును చలువరాతి పలకలను తాపించిరి. ఇచట దొరకిన ప్రాకృత శాసనములు ఈ ఊరి పూర్వనామమును కంటకసోల యని తెలుపుచున్నవి. ఒక శాసనము శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. ఓడలు నడిపినవాడు దానమిచ్చిన ఊరికి ఓడలతో సంబంధముండుట సహజము. ఆ కాలమున సముద్రము ఇంతకంటె చేరువలోనుండెను. కృష్ణానది ఏటేట తెచ్చి పోసిన ఒండ్రుమట్టి సముద్రమును వెనుకకు నెట్టినది. రేవు పోయి పొలమైనది. దేవుని పేరులో మాత్రము జలధి మిగిలినది.

ఘంటసాల స్థానమును అంకెలతో వ్రాసియుంచినవాడు మొట్టమొదట ఒక విదేశీయుడు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున టాలమీ యను పండితుడుండెను. అతడు తనకు తెలిసిన లోకములోని వేలకొలది స్థలములకు అక్షాంశ రేఖాంశములను నిర్ణయించి తన భూగోళ గ్రంథమున చేర్చెను. అందు మైసోలియ యను తీరదేశమున కొంటకొస్సిల యను వర్తకస్థానము కలదు. ఇదియే కంటకసోల యని చరిత్రకారులు గుర్తించిరి. టాలమీ భారతదేశమునకు రాలేదు. నావికులును వర్తకులును చెప్పిన ప్రయాణదినములను బట్టి అతడు అంకెలు వేసెను. భూమి చుట్టుకొలతను ఉన్నదానికంటె తక్కువగా తలచెను. మన ద్వీపకల్పపు ఆకారము అతనికి సరిగా అందలేదు. ఆ అంకెలను పట్టుకొని నేడు బయలుదేరినవాడు ఘంటసాల చేరలేడు. అయినను, ఒక ఊరికి ఇన్ని అంకెలు చెప్పినచో ఎవ్వడైనను దానిని కనుగొనగలడన్న ఊహ పద్దెనిమిది వందల యేండ్లకు పూర్వమే మన డెల్టాలోని ఒక పల్లెకు అన్వయింపబడినది. నేటి ఉపగ్రహములు ఆ ఊహను నిజము చేసినవి.

అంకెలు చోటు చూపగలవు. అచట ఏమి మిగిలియున్నదన్నది మనుష్యుల నడతపై ఆధారపడును. ఘంటసాల చలువరాతి పలకలను చూడగోరువారు నేడు పారిసు నగరములోని గిమే ప్రదర్శనశాలకు కూడ పోవలసియున్నది. అమరావతి కథ ఇంతకంటె విచారకరము. అచటి మహాస్తూపపు దిబ్బను 18వ శతాబ్ది చివర ఇండ్ల కట్టడమునకు రాళ్లు కావలసినవారు త్రవ్విరి. సర్వేయరైన కోలిన్ మెకంజీ ఆ వార్త విని వచ్చి చూచెను. మరల 1816లో వచ్చి తన పనివారిచే శిల్పములకు చిత్రములు గీయించెను. ఆ నడుమ కాలములో అనేక శిల్పములు మాయమైపోయెను. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయెను. మిగిలినవానిలో అధికభాగము చెన్నపట్టణమునకును, లండనునకును చేరెను.

భట్టిప్రోలు సంగతి కూడ తెలిసికొనదగినది. కృష్ణానదికి విజయవాడ వద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. కాలువలు వచ్చినవి, కరవు సీమ ధాన్యపు గాదెయైనది. ఆ ఉపకారమును ఎవ్వరును కాదనరు. కాని రోడ్లకును కాలువలకును కావలసిన ఇటుకలు, రాళ్లు చేరువలోనున్న స్తూపమునుండి తీసిరి. వేల యేండ్లు నిలిచిన గోపురము కంకరయైపోయెను. 1892లో అలెగ్జాండరు రే యను అధికారి మిగిలిన భాగమును క్రమపద్ధతిలో త్రవ్వగా లోపల రాతి భరిణెలును, వానిలో స్ఫటికపు పాత్రయు, బంగారు పూవులును బయటపడెను. ఆ భరిణెలపై చెక్కిన అక్షరములు దక్షిణదేశపు లిపి చరిత్రకు మూలాధారములైనవి. బంగారము తూకమునకు స్వల్పమే. విలువ అంతయు ఆ గీతలలోనున్నది. తూకమే తెలిసినవాడు ఆ భరిణెను పగులగొట్టి బంగారు పూవులను మాత్రము ఏరుకొని పోయియుండెడివాడు.

ఇందుకు భిన్నమైన నడత ఎట్లుండునో 1926లో నాగార్జునకొండ లోయయందు కనబడినది. అచట సూరపరాజు వెంకటరామయ్య అను బడిపంతులు ఒక ప్రాచీన స్తంభమును చూచెను. ఆయన దాని క్రింద త్రవ్వలేదు. తాను చూచినదానిని ప్రభుత్వమునకు తెలియజేసెను. ఆ వార్తను బట్టి పురావస్తు శాఖవారు వచ్చిరి. తరువాతి సంవత్సరములలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలుగులోనికి వచ్చెను. నాగార్జునసాగరము నిండినప్పుడు ఆ లోయ మునిగినను, అచటి కట్టడములు కొన్ని కొండమీదికిని, గట్టుమీదికిని తరలింపబడి నిలిచియున్నవి.

ఆ లోయలో దొరకిన శాసనములలో ఒకటి ఘంటసాలకు సంబంధించినది. మూడవ శతాబ్దిలో వీరపురుషదత్తుని పరిపాలనమున బోధిసిరి యను ఉపాసిక తాను చేసిన దానములనన్నిటిని అందు వ్రాయించెను. కంటకసేలలోని మహాచైత్యమునకు తూర్పు వాకిట తాను రాతిమండపమును కట్టించితినని ఆమె చెప్పెను. 150 కిలోమీటరులకు మించిన దూరమున చెక్కిన ఆ వాక్యము ఘంటసాల దిబ్బయేమిటో నిశ్చయముగా తెలుపుచున్నది. ఆమె కట్టించిన మండపము నేడు లేదు. ఆమె వ్రాయించిన వాక్యము మిగిలినది. జియోకాచింగు పెట్టెలోని చిట్టాయందు వచ్చినవారు పేరు వ్రాసి పోవుదురు. బోధిసిరి తాను ఇచ్చినదానిని రాతిలో వ్రాసి పోయినది. బడిపంతులు రాతిని రాతిగానే విడిచి వార్తను పంపకున్నచో ఆ వాక్యము మనకు చేరియుండెడిది కాదు.

కావున ఈ వేటకు ఏర్పరచుకొన్న నియమములు పిల్లల ఆటకు మాత్రమే చెందినవి కావు. త్రవ్వరాదు. గోడల సందులలో దేనిని దూర్చరాదు. సమాధులను, విగ్రహములను తాకి చెరుపరాదు. పూజాస్థలమున ఆ మతమువారి మర్యాదను పాటింపవలెను. స్థలపు యజమాని అనుమతి లేక పెట్టెనుంచరాదు. ప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన కట్టడముల ఆవరణలో ఇట్టి పెట్టెలు ఉంచుటయే తగదు. అచట చూచుట, కొలుచుట, వ్రాసికొనుట చాలును. భూమిలో దాగిన 10 రూపాయలకు మించిన విలువగల నిధి ఎవ్వరికి దొరకినను కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించుచున్నది.

విద్యార్థులు ఘంటసాలకు పోయినను, తమ ఊరి చివర గుడికే పోయినను ఒక చిన్న పుస్తకమును వెంట తీసికొని పోవుట మంచిది. అందు స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు, చూచిన తేదీ, శాసనమున్నచో అది యే గోడ మీదనున్నది, ఏ విగ్రహమునకు ఏ భాగము విరిగియున్నది అను విషయములను వ్రాసికొనవలెను. పది సంవత్సరముల తరువాత మఱియొక విద్యార్థి అదే చోటికి వచ్చి ఆ పుస్తకముతో పోల్చి చూడగలడు. ఒక రాయి తగ్గినచో అది వెంటనే తెలియును. గుప్తనిధుల దొంగకు ఇంతకంటె పెద్ద అడ్డు వేఱొకటి లేదు. ఎవ్వరును ఎఱుగని రాతినే అతడు ఎత్తుకొనిపోగలడు గాని, పదిమంది లెక్కవ్రాసికొన్న రాతిని కాదు.

వేయి యేండ్లకు మించిన పూర్వకాలమున మహానావికుడైన శివకుడు ఓడ దిగి నడచిన నేలపై నేడు వరిపైరు పచ్చగా ఊగుచున్నది. చేతిలోని యంత్రమున అంకెలు సరిపోయినప్పుడు ఆ విద్యార్థి నిలిచి చుట్టును చూడవలెను. అతడు వెదకి వచ్చిన నిధి ఆ నేలయే.